గిల్టు నగకు తోముడు పనికిరాదు

నల్లబడిన గిల్టు నగను చింతపండు గుజ్జుతోనో, నిమ్మచెక్కతోనో, వంటసోడాతోనో, పళ్లు తోముకునే పేస్టుతోనో రుద్ది కడిగితే అది మళ్లీ కొత్తదానిలా మెరుస్తుందనే నమ్మకం తెలుగు ఇళ్లలో వివాదం లేని విషయంగా స్థిరపడిపోయింది. పత్రికల చిట్కాల శీర్షికల్లో, ఫోన్లలో తిరిగే చిన్న వీడియోల్లో, పెళ్లిళ్ల రోజుల్లో ఇరుగుపొరుగు మాటల్లో ఈ సలహా ఎంత ధీమాగా వినిపిస్తుందంటే, దానికి ఆధారమేమిటని అడగాలని కూడా ఎవరికీ తోచదు. ఈ నమ్మకం తప్పు; చిన్న సవరణతో సరిపోయే తప్పు కాదు, మొదట్లోనే పడిన తప్పు. అది నలుపును మురికిగా భావిస్తుంది. కానీ గిల్టు నగ మీద కనిపించే నలుపులో ఎక్కువ భాగం బయటినుంచి వచ్చి అంటుకున్నది కాదు. లోపలి లోహమే పూతలోని సందుల గుండా గాలికీ చెమటకూ చిక్కి మారిన రూపం. దాన్ని రుద్ది తీసిన ప్రతిసారీ ఆ నగను నగగా నిలబెడుతున్న బంగారు పూత కూడా కొంత పోతుంది.

ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా అనవలసి వస్తున్నదో తెలియాలంటే గిల్టు నగ ఎలా తయారవుతుందో చూడాలి. బందరు పక్కనున్న చిలకలపూడి పేరుతో తెలుగువారికి చిరకాలంగా పరిచయమైన ఈ నగల్లో, ఆకారాన్నీ బరువునూ ఇచ్చే లోపలి ఒంటిని రాగితోనో, రాగీ జింకూ కలిసిన ఇత్తడితోనో చేస్తారు. అచ్చులు, అతుకులు, నగిషీ, మెరుగు అన్నీ పూర్తయ్యాక, బంగారు లవణం కరిగిన ద్రావణంలో దాన్ని ముంచి విద్యుత్తు పంపితే, ద్రావణంలోని బంగారం పలచని పొరగా దాని మీద పేరుకుంటుంది. రోల్డు గోల్డు అనే మాటకు నిజానికి అర్థం వేరు: బంగారు రేకును ఇత్తడి దిమ్మెకు వేడితో, ఒత్తిడితో అతికి, రెండింటినీ కలిపి రోలర్ల మధ్య సాగదీసిన లోహానికి ఆ పేరు పుట్టింది. ఇప్పుడు బజారులో ఆ పేరుతో అమ్ముడుపోతున్న వాటిలో చాలావరకు విద్యుత్ పూత వేసినవే. ఇటలీకి చెందిన బ్రుగ్నతెల్లి 1805లో వెండి పతకాల మీద ఇలా బంగారు పూత వేసి చూపగా, 1840లో బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్‌లు పేటెంటు తీసుకున్న తరువాత ఇది పరిశ్రమగా మారింది. అంతకుముందు బంగారాన్ని పాదరసంలో కలిపి రాగి మీద పూసి, కాల్చి, పాదరసాన్ని ఆవిరి చేసే పాత పద్ధతిలో పూత దళసరిగా పడేది. విద్యుత్తు వచ్చాక పూతను ఎంత పలచగా కావాలంటే అంత పలచగా వేయగలగడం సాధ్యమైంది. సామాన్యురాలి మెడలోకి నగ రావడానికీ, ఆ నగ తొందరగా వన్నె తగ్గడానికీ కారణం ఒకటే.

ఆ పలచదనం ఎంతటిదో అంకెల్లో చూస్తేనే మనసుకు పడుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అంటారు. అమెరికాలో దీర్ఘకాలం అమల్లో ఉన్న వ్యాపార మార్గదర్శకాల ప్రకారం ఒక వస్తువును బంగారు విద్యుత్ పూత వేసినదిగా చెప్పుకోవడానికి 0.175 మైక్రాన్ల మందం చాలు. మందపు పూత అని చెప్పుకోవాలంటే 2.5 మైక్రాన్లు ఉండాలి. మనిషి తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్ల మందం ఉంటుందనుకుంటే, మొదటి రకం పూతలు 400 ఒకదానిమీద ఒకటి పేర్చితే గాని ఒక వెంట్రుక మందం కాదు. వన్ గ్రామ్ గోల్డ్ అనే పేరు కూడా ఒక్కో నగలో గ్రాము బంగారం ఉందనే హామీ కాదు, బజారులో స్థిరపడిన పేరు మాత్రమే. ఘనసెంటీమీటరుకు 19.3 గ్రాములు తూగే బంగారాన్ని ఒక గ్రాము తీసుకుని ఒక మైక్రాను మందంతో పరిస్తే అది సుమారు 518 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక ఏ4 కాగితానికి కొంత తక్కువ, పరచుకుంటుంది, 0.175 మైక్రాన్ల మందంతో అయితే దాదాపు అయిదు కాగితాలంత వస్తుంది. ఒక జత కమ్మల మీద ఉన్న బంగారం ఎంత ఉంటుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. అంతటి పొరను వేలికొసతోనో, బ్రష్షుతోనో, పీచుతోనో తోమమని చెప్పేవారు తాము దేన్ని తోమమంటున్నారో ఒక్కసారైనా ఆలోచించవలసి ఉంది.

బంగారం గాలికి నల్లబడదు. నల్లబడేది రాగి, ఇత్తడి, వెండి. పలచని పూతలో కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాలు ఉంటాయి, ఆ రంధ్రాల అడుగున ఒంటి లోహం గాలికి తెరుచుకుని ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ వాటి మీద ఉప్పు కలిసిన తేమ నిలిచిందంటే అదొక చిన్న విద్యుత్ ఘటంలా, అంటే బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో బంగారం చెక్కుచెదరకుండా ఉండి, పక్కనున్న రాగి వేగంగా క్షీణిస్తుంది. చెమటలో ఉప్పూ, లాక్టిక్ ఆమ్లమూ ఉంటాయి కాబట్టి ఒంటిమీద ఉన్న నగకు ఆ తేమ కొరత ఎప్పుడూ ఉండదు. రాగి ఆక్సిజన్‌తో కలిస్తే ఎర్రటి, నల్లటి ఆక్సైడులుగా, మురుగు కాలువల నుంచీ పొగ నుంచీ వచ్చే గంధకపు వాయువులతో కలిస్తే నల్లటి సల్ఫైడుగా, తేమతో, కర్బన వాయువుతో, ఉప్పుతో కలిస్తే పచ్చటి చిలుముగా మారుతుంది. ఈ పదార్థాలు రంధ్రం దగ్గరే ఆగవు. చెక్కుచెదరని బంగారం మీదికి కూడా మెల్లగా పాకి పరచుకుంటాయి. సముద్రపు గాలి తగిలే బందరులోనో, కాకినాడలోనో, విశాఖలోనో వానాకాలంలో బీరువాలో పెట్టిన నగ కూడా నల్లబడటానికి కారణం అదే, దాన్ని ఎవరూ మురికి చేయలేదు.

ఒక పాత బుట్టకమ్మను వెలుతురులో పెట్టి దగ్గరగా చూస్తే ఈ సంగతి పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. బుట్ట అంచున వేలాడే చిన్న చిన్న గుండ్ల మధ్య సందుల్లో, నగిషీ గీతల లోతుల్లో నలుపు చిక్కగా ఉంటుంది. అది పైకి ఎంత అసహ్యంగా కనిపించినా దాని కింద బంగారం చాలావరకు భద్రంగానే ఉంటుంది, ఎందుకంటే ఆ లోతుల్లోకి వేలు గాని, చీరకొంగు గాని, జుట్టు గాని తగలలేదు. అదే కమ్మలో గుండ్ల ఉబ్బెత్తు భాగాన, చెవికి తగిలే కాడ మీద, దిద్దు అంచున చూస్తే నలుపు లేకపోవచ్చు గాని రంగు మారి ఉంటుంది: రాగి ఒళ్లయితే ఎర్రగా, ఇత్తడి ఒళ్లయితే వెలిసిన పసుపుగా, మధ్యలో నికెలు పూత ఉంటే ఉక్కులా తెల్లగా. అక్కడ పోయింది బంగారమే. తోముడు ఈ రెండు చోట్లా ఒకేలా పనిచేయదు. గుడ్డ గాని బ్రష్షు గాని ముందు తగిలేది ఉబ్బెత్తు భాగాలకే కాబట్టి, ఇప్పటికే పూత పలచబడిన చోటే ఇంకా అరుగుతుంది, నలుపు దాగిన లోతు మాత్రం చివరిదాకా అలాగే మిగులుతుంది. పట్టుదలతో లోతు కూడా తెల్లబడేదాకా రుద్దినవారి చేతిలో మిగిలేది రాగి కమ్మ.

చింతపండు పక్షాన ఉన్న వాదం బలహీనమైనదేమీ కాదు, దాన్ని గౌరవంగానే పరిశీలించాలి. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం ఉంటాయి. అవి రాగి ఆక్సైడును కరిగించి నీటిలోకి తీసుకుపోతాయి కనుక నల్లబడిన నగ నిమిషాల్లో మెరుస్తుంది. ఈ మెరుపు కళ్లారా కనిపించేది, అబద్ధం కాదు. రాగి చెంబును, ఇత్తడి బిందెను తరతరాలుగా ఇలాగే తోముతున్నారు, అవి ఇప్పటికీ ఇళ్లలో ఉన్నాయి. కానీ చెంబు పైనుంచి లోపలిదాకా రాగే. తోమిన ప్రతిసారీ అందులో కొంత రాగి కరిగిపోతుంది, దాని కింద బయటపడేది మళ్లీ రాగే కనుక నష్టం తెలియదు. చెంబు అంచు మిల్లీమీటరు మందం ఉన్నా, మైక్రాన్ల లెక్కన అది వెయ్యి. గిల్టు నగలో కరగడానికి అలాంటి నిల్వ లేదు. ఆమ్లం బంగారాన్ని ముట్టదు గాని, రంధ్రాల గుండా దిగి పూత అడుగున ఉన్న ఆక్సైడునూ, ఇత్తడిలోని జింకునూ కరిగిస్తుంది; కింద పట్టు పోయిన పూత పొలుసులా లేస్తుంది. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి నగ ఒక్కోసారి గులాబీ ఛాయలోకి తిరగడం చాలామంది చూసే ఉంటారు. అది శుభ్రపడిన గుర్తు కాదు, జింకు పోయి పైన రాగి మిగిలిందనడానికి గుర్తు.

గుజ్జులో ఉప్పు కలిపితే ఇంకా బాగా పోతుందనే సలహా అన్నిటికంటే హానికరమైనది. ఉప్పులోని క్లోరైడు రాగితో కలిసి క్యూప్రస్ క్లోరైడు అనే పదార్థంగా సందుల్లో నిలిచిపోతుంది. అది గాలిలోని తేమ తగిలినప్పుడు మార్పు చెందుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, ఆ ఆమ్లం మళ్లీ రాగిని తిని మళ్లీ క్లోరైడును తయారుచేస్తుంది. పురావస్తు ప్రదర్శనశాలల్లో తవ్వకాల నుంచి వచ్చిన కంచు విగ్రహాల మీద పచ్చటి పొడి రాలుతూ, ఆగకుండా సాగే ఈ క్షయాన్ని సంరక్షకులు కంచుకు పట్టే రోగంగానే పరిగణిస్తారు. కుళాయి కింద ఎంత కడిగినా సూక్ష్మ రంధ్రంలోకి దిగిన ఉప్పు పూర్తిగా రాదు. తోమిన నగ మునుపటికంటే త్వరగా నల్లబడుతున్నదనే ఫిర్యాదు తరచుగా వినిపించడానికీ, దానికి మళ్లీ తోముడే మందుగా చెప్పడానికీ ఇదే మూలం. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అనే సామెత ఇంతకంటే బాగా అతికే చోటు అరుదు. ఈ నమ్మకం ఇన్నాళ్లు నిలవడానికి కారణం తీర్పు చెప్పే వేళలో ఉంది: తోమిన సాయంత్రమే నగను చూసి బాగుందంటారు, వీడియో కూడా అక్కడితోనే ముగుస్తుంది, పదిహేను రోజుల తరువాత అదే నగ ఎలా ఉందో చూపేవారు లేరు.

పెద్దలు చెప్పినదనే వాదానికి సమాధానం పెద్దల దగ్గరే ఉంది. కుంకుడుకాయ పులుసుతో బంగారాన్ని కడిగే అలవాటు సరైనదే, ఎందుకంటే కుంకుడులో ఉండే సపోనిన్‌లు, అంటే నీటితో నురగ కట్టి జిడ్డును వదిలించే పదార్థాలు, నూనెనూ దుమ్మునూ తీస్తాయి. 22 క్యారెట్ల నగ లోపలా వెలుపలా ఒకే లోహం కనుక దానికి భయమేమీ లేదు. ఇత్తడికి చింతపండు, బంగారానికి కుంకుడు, వెండికి విభూతి అని వారు ఏ లోహానికి ఏది తగునో విడివిడిగా ఎంచుకున్నారు. కంసాలి కూడా చింతపండు నీళ్లను వాడేవాడు, అయితే అది అతుకు పెట్టినప్పుడు నిప్పు వేడికి పైకి తేలిన ఆక్సైడు పొరను వదిలించడానికి. గిల్టు పనిలోనూ ఆమ్లం చోటు పూతకు ముందే గాని, పూత తరువాత కాదు. ఇత్తడి మీద వెంట్రుకలో వందో వంతు కూడా లేని బంగారం ఉన్న వస్తువు ఆ పాత విభజనలో లేనే లేదు. దాన్ని ఇత్తడిలా తోమమనడం పెద్దల మాట కాదు, వారి మాటను చోటు మార్చి వాడటం.

ఇదంతా సహజమైనది, రసాయనం కాదు అనే మాట గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నిమ్మరసంలోని ఆమ్లం సీసాలో ఉన్నా నిమ్మకాయలో ఉన్నా రాగికి తేడా తెలియదు. హైదరాబాదులో కొన్న అసలు ముత్యాలను చింతపండు నీళ్లలో ముంచితే వాటి మెరుపు పోతుంది. ముత్యం కాల్షియం కార్బొనేటు, అది ఏ ఆమ్లంలోనైనా కరుగుతుంది.

పేస్టు విషయం వేరు. అందులో పళ్ల మీది గారను తీయడానికి కాల్షియం కార్బొనేటు, సిలికా వంటి సన్నని రాపిడి పొడులు కలుపుతారు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో పంటి పైపొర, అంటే ఎనామెల్, సుమారు 5 దగ్గర ఉంటే బంగారం 2.5 నుంచి 3 మధ్య ఉంటుంది. అయిదు గట్టిదనం ఉన్నదాని కోసం తయారైన పొడితో దాంట్లో సగం గట్టిదనం ఉన్న పొరను రుద్దితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. అల్యూమినియం రేకు పరచిన గిన్నెలో వేడినీళ్లూ వంటసోడా పోసి నగలు ముంచే చిట్కా వెండికి నిజంగా పనిచేస్తుంది. అల్యూమినియం తాను మారుతూ వెండి సల్ఫైడును తిరిగి వెండిగా చేస్తుంది. వెండి అసలే లేని చోట దానికి చేయడానికి పని లేదు. జర్మన్ సిల్వర్ అనే పేరున్న లోహంలో రాగి, నికెలు, జింకు తప్ప వెండి లేదని గుర్తుంచుకుంటే ఈ తికమక తీరుతుంది. పైగా వేడినీళ్లు రాళ్లు అంటించిన జిగురును మెత్తబరుస్తాయి. కెంపురాళ్ల వెనుక మెరుపు కోసం పెట్టిన సన్నని రేకులోకి తడి దిగితే రాయి శాశ్వతంగా మసకబారుతుంది.

అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రావణాలను ఇత్తడి నగలకు వాడమనే సలహా కూడా వినిపిస్తుంది. బ్రిటిషు సైన్యం ఈ దేశంలో వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేసినప్పుడు వాటి ఇత్తడి గొట్టాలు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, వంచి సాగదీయడం వల్ల బిగువుగా ఉన్న ఇత్తడిని పగలగొడుతుందని 1921లో తేలింది. కమ్మ కొక్కెం, గొలుసు కడి కూడా వంచి బిగించిన ఇత్తడి తీగలే.

ఆక్సిడైజ్డ్ నగలనే రకానికి జరుగుతున్న అన్యాయం ఇంకో తీరుది. ఆ నగల్లోని నలుపును తయారీదారే గంధకపు లవణాలతో కావాలని తెప్పించి, ఉబ్బెత్తు భాగాల మీద మాత్రం మెరుగు పెడతాడు; నీడా వెలుగూ కలిస్తేనే అందులోని నెమలి, తామర కంటికి ఆనతాయి. చిట్కా నమ్మి దాన్ని నిమ్మచెక్కతో రుద్దినవారు బొమ్మను చెరిపేసుకుంటున్నారు.

ఇంత చర్చ అవసరమా, నాలుగు వందల రూపాయల నగే కదా, పోతే మరొకటి కొనుక్కోవచ్చు అనేవారు ఉన్నారు. గిల్టు అనే మాటే తెలుగులో నకిలీకి మారుపేరైంది, ఆ చులకన భాషలోంచి చేతల్లోకి కూడా దిగింది. అయితే ఈ నగను ఎవరు పెట్టుకుంటారో చూడాలి. బంగారం ధర అందని ఇంట్లో ఆడపిల్ల పెళ్లిలో కాసులపేరూ వడ్డాణమూ ఇవే. కూచిపూడి నేర్చుకునే పిల్లల అరంగేట్రంలో తలసామానూ ఇవే. దొంగల భయంతో అసలు బంగారాన్ని దాచి ప్రయాణంలో పెట్టుకునేవీ ఇవే. మరొకటి కొనుక్కోవచ్చనే మాట కొనగలవారి మాట. అంతేగాక నష్టం డబ్బుతో ఆగదు. చాలా నగల్లో రాగి పైకి రాకుండా బంగారానికి కింద నికెలు పూత వేస్తారు. పై పొర అరిగి నికెలు చర్మానికి తగిలితే చెమటలో అది కరిగి, ఒంటికి పడనివారికి చెవి తమ్మెలూ మెడా దురదపెట్టి, పొక్కి, రసికారుతాయి. ఒకసారి నికెలు పడకపోవడం మొదలైతే అది సాధారణంగా జీవితాంతం వదలదు. ఐరోపా దేశాలు చర్మానికి తగిలే వస్తువుల నుంచి నికెలు వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి విడుదల కాకూడదని చట్టం చేసుకున్నది అందుకే. తోమి తోమి పూతను అరగదీయమనే సలహా చెవి తమ్మెకు కూడా చేటు చేస్తున్నది. కొన్ని చవక మిశ్రమ లోహాల్లో సీసం, కాడ్మియం ఉంటాయి కనుక నగలను వంటగిన్నెల్లో నానబెట్టి ఉడికించడం మరీ ప్రమాదం.

మరి నగ మీద పేరుకునే నూనె, పౌడరు, కుంకుమ, చెమట ఉప్పు నిజంగా మురికే. వాటిని తీయడానికి అభ్యంతరం లేదు. పెట్టుకున్న రోజే, తీసిన వెంటనే, మెత్తని పాత నూలుగుడ్డతో రుద్దకుండా అద్దినట్టు తుడవడం చాలు. జిడ్డు గట్టిగా ఉంటే గుడ్డ కొసను సబ్బునీటిలో తడిపి పిండి తుడిచి, వెంటనే మరో తడిగుడ్డతో, ఆ పైన పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. సెంటూ తలనూనే పూసుకున్నాక, అవి ఆరాక నగ పెట్టుకోవాలి. చేతులకు రాసుకునే శానిటైజరులోని ఆల్కహాలు కొన్ని నగల మీద తయారీదారు వేసిన పారదర్శకమైన లక్క పొరను కరిగిస్తుంది కనుక గాజులూ ఉంగరాలూ ముందే తీయాలి. దాచేటప్పుడు ఒక్కో నగను ఒక్కో జిప్పు కవరులో గాలి పిండి పెట్టి, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేస్తే, తేమా గంధకమూ రెండూ దూరమవుతాయి. రబ్బరు బ్యాండుతో చుట్టడం మాత్రం తగదు, రబ్బరులోనే గంధకం ఉంటుంది. సందుల్లో మిగిలిన నలుపును అలాగే ఉండనివ్వడం మంచిది. అది నగిషీకి లోతునిస్తుంది, దాని కింద బంగారం ఉంది.

పూత నిజంగా పోయిన నగకు ఇంట్లో మందు లేదు, మళ్లీ పూత వేయించడమే దారి. పూత పనివారు పాత పొరనూ జిడ్డునూ తీసి, ఒంటికి మెరుగు పెట్టి, అవసరమైతే నికెలు వేసి, ఆ పైన బంగారు ద్రావణంలో ముంచుతారు. రాళ్లు జిగురుతో అంటించిన నగకు ఇది కష్టం గాని, గొలుసులకూ గాజులకూ రాళ్లు లేని హారాలకూ వీలవుతుంది. పూత తన కింద ఉన్నదాన్ని కప్పిపెట్టదు. గుంట ఉంటే గుంట ఆకారంలోనే పడుతుంది. ఏళ్ల తరబడి పులుపూ ఉప్పూ తిన్న ఒంటి మీద సూదిమొనలంత గుంటలు వందలుగా ఉంటాయి, వాటిని నున్న చేయాలంటే పైనున్న నగిషీని అరగదీయక తప్పదు. గుడ్డతో మాత్రమే తుడుస్తూ దాచుకున్న నగకైతే గీత గీతగానే, గుండు గుండుగానే మిగిలి ఉంటాయి, రెండోసారి పూత వేసినప్పుడు మొదటిసారి పడినట్టే పడుతుంది.